బాస్కెట్‌బాల్ పిల్లల వెన్న శాతం

పిల్లను ఒక్కసారి చూస్తే చాలు, ఆడతాదో ఆడదో నాకు తెలిసిపోతాదని ఇరవై ఏండ్లు గొప్పలు చెప్పుకున్నదాన్ని నేను. పుత్తూరులో గవర్నమెంటు హైస్కూల్లో డ్రిల్లు మేడాన్ని, ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పిస్తాను. ఆరో తరగతిలో చేరేదానికి పిల్ల గేటు దాటి లోపలికొస్తానే ముందు ఎత్తు చూస్తాను, తర్వాత అరచేతులు చూస్తాను, ఆ తర్వాత పక్కనున్న వాళ్ళమ్మ ఎత్తు చూస్తాను. అంతే, అయిపోయింది. ఎవరన్నా అడ్డం మాట్లాడితే నాకు తిక్క లేస్తాది. "ఈ గ్రౌండులో నేను తిన్నంత దుమ్ము నువ్వు తిన్నావా?" అని మొగం మీదే అడిగేస్తాను. నా నోటికి హెడ్మాస్టర్లే జంకినారు.

అట్లాంటి నా నోరు మూయించింది మా ఇంటాయన. అదీ ఒక రూళ్ళ పుస్తకంతో.

ఆయన పాల కేంద్రంలో పని చేస్తాడు. పొద్దునా సాయంత్రమూ రైతులు తెచ్చే పాలలో వెన్న శాతం ఎంతుండాదో పరీక్ష చేసి చెప్పడం ఆయన ఉద్యోగం. మాట తక్కువ మనిషి. నేను పది మాటలు మాట్లాడితే ఒక 'ఊ' అంటాడు, అది కూడా ఏ మాటకో నాకు తెలీదు. ఒక వానాకాలం బండి జారి పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. యాడాడి నుంచో జనం విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకునేదానికి పుత్తూరికి వస్తారు. ఈయన పుత్తూరు బస్టాండు ముందరే పడి, తనే నడుచుకుంటా పోయి కట్టించుకొని వచ్చినాడు. నెలన్నర దినాలు పనికి పోగూడదన్నారు. ఇంట్లో కూర్చోని కూర్చోని నా రసంలో చింతపండు ఎక్కువైందని, నా చట్నీలో ఉప్పు తక్కువైందని మొదలుపెట్టినాడు. "నా ప్రాణం తియ్యద్దప్పా, వచ్చి గ్రౌండులో కూర్చో" అని లాక్కొని పోయినాను.

రెండు దినాలు వేపచెట్టు కింద కుర్చీ ఏసుకొని ఊరికే చూసినాడు. మూడోనాడు పుస్తకమూ పెన్నూ తెచ్చుకున్నాడు. కట్టు కట్టిన చేత్తో పుస్తకాన్ని తొడ మీద అదిమి పెట్టుకొని, కుడిచేత్తో ఏందేందో గీతలు గీస్తా ఉండినాడు. నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత అన్నం తింటా ఉంటే అన్నాడు. "ఆ పొడుగు పిల్లకు వెన్న తక్కువుండాదే."

"ఏందీ?"

"లీటర్లు ఎక్కువే పోస్తాది. వెన్నే తక్కువ."

ఆ పొడుగు పిల్ల నా ప్రాణం. ఏ ఆటలోనైనా మా పాయింట్లలో సగం ఆ పిల్లవే. నాకు కడుపు మండిపోయింది. "పాలు పిండుకునే మనిషివి నీకేం తెలుసు ఆట గురించి?" అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. చెయ్యి కడుక్కొని పుస్తకం తెచ్చి ముందర పెట్టినాడు.

ప్రతి పిల్లకూ ఒక పేజీ. కోర్టులో ఎన్ని నిమిషాలు ఉండింది, ఎన్ని పాయింట్లు ఏసింది, ఎన్నిసార్లు ఏసి తప్పింది, బోర్డుకు తగిలి వచ్చిన బంతిని ఎన్నిసార్లు పట్టింది, ఎవరికి అందిస్తే బుట్టలో పడింది, ఎన్నిసార్లు బంతిని పోగొట్టింది. మంచివన్నీ కూడి, చెడ్డవన్నీ తీసేసి, మిగిలినదాన్ని నిమిషాలతో భాగిస్తాడు. అదే ఆ పిల్ల వెన్న శాతం. పొడుగు పిల్ల ఇరవై పాయింట్లు ఎయ్యడం నాకు కనపడింది. ఆ ఇరవైకి ఎన్నిసార్లు గురి తప్పిందో, పక్కన ఖాళీగా నిలబడిన పిల్లలు ఎన్నిసార్లు చేతులు చాచి ఊరికే ఉండిపోయినారో ఆయనకు కనపడింది.

"తెల్లనివన్నీ పాలు కాదు" అన్నాడు. అందరూ చెప్పే సామెతే. కానీ దినామూ పాలు చూసే మనిషి నోట్లోంచి వస్తే దాని బరువే వేరు.

ఆయన్ని తప్పని చూపించాలని పట్టుబట్టి మరుసటి ఆటలో పొడుగు పిల్లను సగంసేపు పక్కన కూర్చోబెట్టినాను. ఓడిపోతే ఇంటికి పోయి దులిపేద్దామని నా ఆలోచన. గెలిచినాము, అదీ చానా తేడాతో. నా మొగం మాడిపోయింది. అంతకన్నా గొప్ప సంగతేమంటే, ఆ పొడుగు పిల్లే ఆయన కాడికి పోయి, "సార్, నా వెన్న ఎట్ల పెంచుకోవాల?" అని అడిగింది. ఆయన పేజీ తిప్పి చూపించి, "దూరం నుంచి ఎయ్యడం తగ్గించుకోమ్మా. పక్కనోళ్ళకియ్యి" అన్నాడు. అరిచి కొట్టి నేను రెండేండ్లుగా నేర్పలేని పాఠం అది. మూడు నెలల్లో ఆ పిల్ల ఆటే మారిపోయింది.

కట్టు విప్పేసినా ఆయన గ్రౌండు వదల్లేదు. పొద్దున పాలు అయిపోయినాక, సాయంత్రం పాలు మొదలయ్యేదానికి ముందు, వచ్చి వేపచెట్టు కింద కూర్చునేవాడు. నాలుగున్నరకు ఆట మొదలైతే రెండు క్వార్టర్లు చూసి, విశ్రాంతి విజిల్ ఏస్తానే పుస్తకం సంకన పెట్టుకొని బండెక్కేవాడు. అయిదున్నరకంతా కేంద్రంలో ఉండాల. పాలకు ఆదివారం లేదు, పండగ లేదు, ఫైనల్ లేదు. పిల్లలు ఆయన్ని పాల సార్ అని పిలిచేవాళ్ళు. ఆట మధ్యలో నీళ్ళు తాగేదానికి వచ్చి, "సార్, నా వెన్న ఎంత?" అని చుట్టూ మూగేవాళ్ళు. పుత్తూరికి ఆడేదానికి వచ్చిన ప్రతి స్కూలు పిల్లా ఆయన పుస్తకంలోకి ఎక్కింది.

ఒకసారి టిఫిన్ డబ్బా ఇచ్చేదానికి కేంద్రానికి పోయినాను. ఒక అవ్వ క్యాను తెచ్చి పెట్టింది. బస్సు తప్పిపోతాదని ఆమె తొందర. "పైనుంచి కొంచెం ముంచుకోప్పా, సూసి పంపీ" అంటాది. ఈయన వింటేనా! "ఆగవ్వా, కలపనీ" అని పొడుగు గరిటె లోపలికి పెట్టి అడుగుదాకా తిప్పినాడు. మీగడ పైకి తేలి ఉంటాదంట. కలపకుండా పైన ముంచితే ఎక్కువ చూపిస్తాదంట, అడుగున ముంచితే తక్కువ చూపిస్తాదంట. రెండూ అబద్ధమేనంట. "కలపకుండా శాంపిల్ తీసేవాడు ఈ కుర్చీలో కూర్చోగూడదు" అన్నాడు నాతో. అవ్వ బస్సు పోనే పోయింది. అవ్వ తిట్లు విని నేను నవ్వుకుంటా ఇంటికొచ్చినాను.

ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో పిల్లలకు క్యాంపు పెడతారు. అన్ని ఊర్ల పిల్లలనూ కలిపి నాలుగు జట్లు చేస్తారు. చీటీలు ఏసి, వచ్చిన వరసలో ఒక్కో కోచి ఒక్కో పిల్లను ఎంచుకోవాల. చిన్నప్పుడు వీధిలో ఇద్దరిద్దరు భుజాల మీద చేతులేసుకొని పక్కకుపోయి, "మల్లెపువ్వు కావాలా, మామిడికాయ కావాలా?" అని వచ్చేవాళ్ళం గదా, అంత సులువు గాదు. నా చీటీ ఎప్పుడూ ఆఖరుదే, నా జాతకం అట్లాంటిది. ఆ సారి ఆయన పుస్తకం చేతిలో పెట్టుకొని కూర్చున్నాను. మిగతా ముగ్గురూ ఎత్తు చూసి ఎత్తుకుంటా పోయినారు. నా వంతు వస్తే నా భుజం దాకా కూడా లేని ఒక పిల్ల పేరు చెప్పినాను. గొల్లుమని నవ్వినారు. "మేడానికి ఎండదెబ్బ తగిలింది" అన్నాడొకాయన. పది దినాల తర్వాత కప్పు ఎత్తుకున్నది ఆ పొట్టిపిల్లే. ఆ నవ్విన మనిషే వచ్చి, "మేడం, ఆ పుస్తకం ఒక జిరాక్సు ఇస్తారా?" అని అడిగినాడు. ఇస్తానా నేను!

అట్ల ఆయన పేరు మా సర్కిల్లో పాకింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా జట్టును ఎంపిక చేసే పెద్దసారు, రిటైరైన కోచి, ఒకసారి ఆయనతో, "పెద్ద పెద్ద దేశాల్లో ఇట్లాంటి లెక్కలతోనే ఆటగాళ్ళను ఎంచుకుంటారు, తెలుసా?" అన్నాడు. మా ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, "వాళ్ళకెవురు చెప్పినారు సార్?" అని అడిగినాడు. నాకైతే గర్వంతో గుండె నిండిపోయింది. ఆ రోజు దోవంతా నేనే వాగతా వచ్చినాను, ఆయన 'ఊ' అంటా వచ్చినాడు.

ఇంక ఆ పిల్ల సంగతి చెప్తాను.

సత్యవేడు పక్క పల్లె పిల్ల. మా ఆయన కట్టు విప్పేసి మళ్ళా పనికి పోతా ఉండిన కాలంలో ఏడో తరగతిలో చేరింది. పుత్తూరులో హాస్టల్లో ఉండి మా స్కూల్లో చదివేది. సన్నంగా, నల్లంగా, ఎవరికీ అడ్డం రాకుండా ఉండేది. ఏం చెప్పినా "ఆమా మేడం" అనేది, అంటే అవునని. వాళ్ళ పక్క అరవం కలిపి మాట్లాడతారు. పాయింట్లు ఎయ్యడం రాదు. బంతి చేతిలో పడితే భయం భయంగా ఎవరికో ఇచ్చేసేది. కానీ ఎదుటి జట్టులో మంచి ఆటగత్తె ఎవరో చూపించి, "పో, ఆ పిల్ల వెనకాలే ఉండు" అంటే చాలు. జిగురు మాదిరి అతుక్కునేది. ఇంక ఆ ఎదుటి పిల్లకు బంతి అందదు, అందినా తిరగలేదు, తిరిగినా చెయ్యి లేవదు. అందుకని ఆమెను ఆఖర్లో వాడుకునేదాన్ని. మొదటి సగంలో ఎవరికన్నా ఆయాసం వస్తే ఒకటి రెండు నిమిషాలు కోర్టులోకి దించేది, రెండో సగం మొదలైనాక పూర్తిగా దించేది.

మా ఆయన పుస్తకంలో ఆ పిల్ల అట్టడుగున ఉండింది. పాయింట్లు సున్నా, పోగొట్టిన బంతులు రెండో మూడో. పిల్లలందరూ వెన్న అడిగేదానికి మూగినప్పుడు ఆమె ఒక్కటే కొళాయి కాడ నిలబడేది. ఎప్పుడూ అడగలేదు.

పదో తరగతిలో ఉండగా నా కాడికొచ్చి నిలబడింది. వాళ్ళక్క సూళ్ళూరుపేట దగ్గర కంపెనీలో పనికి పోతాదంట. కంపెనీ బస్సు పల్లెలోకే వస్తాదంట. పరీక్షలైనాక దాన్ని కూడా అదే బస్సెక్కిస్తామని ఇంట్లో చెప్పినారంట. "జిల్లా జట్టులో రాష్ట్రపోటీలకు పోయి ఆ సర్టిఫికెట్ తెచ్చుకుంటే, స్పోర్ట్స్ సీటు మీద ఇంటర్లో చేర్చేదానికి మాయమ్మ ఒప్పుకున్నాది మేడం. అదొక్కటుంటే చాలు" అన్నది. నాలుగేండ్లలో ఆ పిల్ల నాతో అన్ని మాటలు కలిపి మాట్లాడింది అప్పుడే. "ఆడు, సూద్దాం" అన్నాను నేను.

ఎంపిక తిరుపతిలో. పెద్దసారు మా ఆయనకు స్వయంగా ఫోన్ చేసి, పుస్తకం తీసుకొని రమ్మన్నాడు. అంత మర్యాద చేస్తే ఎట్ల కాదంటాడు? తోటి ఉద్యోగిని బతిమాలి సాయంత్రం పని అప్పజెప్పి, ఇస్త్రీ చొక్కా ఏసుకొని వచ్చినాడు.

పొద్దున పెద్దసారూ, ఇంకొక కోచీ, నేనూ కూర్చున్నాము. పన్నెండు మంది కావాల. పదకొండు పేర్లు గంటలో తేలిపోయినాయి. పన్నెండోది మా హాస్టల్ పిల్లా, చిత్తూరు నుంచి వచ్చిన ఒక పిల్లా, ఇద్దరిలో ఒకరు. "పుస్తకం ఏం చెప్తాది?" అన్నాడు పెద్దసారు. మా ఆయన రెండు పేజీలూ తీసి చదివినాడు. చిత్తూరు పిల్లది చానా ఎక్కువ, మా పిల్లది చానా తక్కువ. దాపరికం లేకుండా చదివినాడు, తన పెండ్లాం స్కూలు పిల్ల అని కూడా చూడలేదు. నా కన్ను మా పిల్లే అంటా ఉండాది. కానీ నా కన్ను ఆ పుస్తకం ముందర ఎన్నిసార్లు ఓడిపోయిందో నాకు తెలుసు గదా. ఊరంతా జంకే నా నోరు ఆ పొద్దున పెగల్లేదు. పెద్దసారు చిత్తూరు పిల్ల పేరు పెన్సిల్‌తో రాసుకున్నాడు. సాయంత్రం ఆఖరి ఆట అయినాక పేర్లు చదువుతామన్నాడు.

సాయంత్రం ఎంపికకు వచ్చిన పిల్లలనే రెండు జట్లు చేసి ఆట పెట్టినారు, అందులో ఒక జట్టు నాది. మొదటి సగం మా ఆయన మామూలుగానే రాసుకున్నాడు. విశ్రాంతి విజిల్ ఏస్తానే అలవాటుగా పుస్తకం మూసి సంకన పెట్టుకొని లేసినాడు. నేను చొక్కా పట్టి కూర్చోబెట్టినాను. "యాడికి? ఈ పొద్దు పాలు లేవు నీకు."

మూడో క్వార్టర్లో హాస్టల్ పిల్ల దిగింది. ఎదురుగా పొద్దున్నే పేరు తేలిపోయిన పిల్ల, మా ఆయన పుస్తకంలో అందరికన్నా పైనున్నది. మా పిల్ల పోయి ఆమె ముందర నిలబడింది, అంతే. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఆ పెద్ద ఆటగత్తెకు ఒక్క బంతి కూడా సరిగ్గా అందలేదు. విసుగొచ్చి నెట్టింది, ఫౌలు. మళ్ళా నెట్టింది, మళ్ళా ఫౌలు. అటు పక్క జట్టంతా చేతులు ఆడక తికమకపడతా ఉండారు. పక్కకు తిరిగి చూస్తే మా ఆయన పెన్ను ఆగిపోయి ఉండాది.

"ఈ పిల్ల ఎప్పటి నుంచి ఇట్ల ఆడతా ఉండాది?"

"ఎప్పటి నుంచేంది? ఎప్పుడూ ఇంతే. నువ్వు పోయినాకే గదా నేను దించేది."

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చినాక నాకే వినపడింది. ఆయన సగంలో పోతాడని నాకు తెలుసు. నేను ఆ పిల్లను సగం తర్వాత దించుతానని నాకు తెలుసు. ఈ రెండూ నా నెత్తిలోనే పక్కపక్కన నాలుగేండ్లు ఉండినాయి, ఒక్కరోజు కూడా కలిపి చూసుకోలేదు. సిగ్గుతో చచ్చిపోయినాను.

ఆట అయినాక ఆయన నేరుగా పెద్దసారు టేబుల్ కాడికి పోయినాడు. కోచిలందరూ ఆడనే ఉండారు. ఇంట్లో 'ఊ' అనేదానికి బద్ధకించే మనిషి, అందరి ముందరా గొంతు పైకెత్తి చెప్పినాడు.

"సార్, నేను క్యాను కలపకుండా శాంపిల్ తీసినాను. నాలుగేండ్లూ పైన మీగడే ముంచినాను, అడుగు సూడనే లేదు. ఆ పుస్తకం పక్కన పెట్టండి."

ఎవరికీ అర్థం కాలేదు. వివరంగా చెప్పినాడు, సగమే చూసినానని. ఆ క్యాంపులో నన్ను చూసి నవ్విన మనిషి మళ్ళా నవ్వినాడు. "ఇన్నాళ్ళూ ఈ సగం పుస్తకం చూసేనా మనం గంగిరెద్దుల మాదిరి తలకాయలు ఊపింది?" అన్నాడు. మా ఆయన తల దించుకోలేదు. "అవును సార్" అన్నాడు.

పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరేనయ్యా. మరి ఆ పిల్ల నంబరు ఎంత?"

"నా కాడ లేదు సార్."

"నంబరు లేకుండా దేన్ని పట్టుకొని రాసేది?"

అప్పుడు లేచింది నా నోరు. "ఉండాయి సార్!" అని నా సంచి టేబుల్ మీద బోర్లించినాను. ఎంపికకని తెచ్చిన మా స్కూలు ఆటల స్కోరు షీట్లన్నీ అందులో ఉండాయి. ఏ క్వార్టర్లో ఎదుటోళ్ళు ఎన్ని పాయింట్లు ఏసినారో షీటులోనే ఉంటాది. ఆ పిల్ల ఉండీ లేని మొదటి సగం, ఆ పిల్ల ఉన్న రెండో సగం. సిమెంటు మెట్ల మీద కూర్చోని మా ఆయన చదవతా ఉంటే పెద్దసారే రాసుకున్నాడు. ఏ షీటు తీసినా ఒకటే కథ. మొదటి సగంలో గలగలా ఏసినోళ్ళు రెండో సగంలో ఎండిపోయినారు. ఏడో ఎనిమిదో షీటు కాడ పెద్దసారు, "చాలు" అన్నాడు. రబ్బరు తీసుకొని పన్నెండో పేరు చెరిపినాడు.

చిత్తూరు పిల్లను రిజర్వులో పెట్టినారు. ఆ పిల్ల ఏడ్చింది. ఆ పిల్ల తప్పేముండాది పాపం? మా ఆయన పోయి ఆ పిల్ల ముందర నిలబడి, "నీ ఆట తగ్గలేదమ్మా, నా లెక్క తప్పింది" అని చెప్పినాడు. వాళ్ళ నాయన బిడ్డను తీసుకొని పోయినాడు. అది ఇప్పటికీ మా ఆయనకు ముల్లే, నాకూ ముల్లే. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆయన మీద నాకు అంత గౌరవం పుట్టింది మాత్రం ఆ పొద్దే. గెలిపించిన పుస్తకం చూసి మెచ్చుకోవడం ఎవరికైనా చాతనైతాది. దాన్ని పక్కన పెట్టమని చెప్పేదానికి వెన్నెముక ఉండాల.

ఆ పిల్ల రాష్ట్రపోటీలకు పోయింది, సర్టిఫికెట్ తెచ్చుకునింది, తిరుపతిలో ఇంటర్ చేరింది. కంపెనీ బస్సు వాళ్ళక్కను మాత్రమే ఎక్కించుకొని పోతా ఉండాది. మా ఆయన ఆ నెలలోనే అడిగి పొద్దుటి పనికి మారిపోయినాడు. ఇప్పుడు ఆఖరి విజిల్ ఏసేదాకా కుర్చీలోంచి కదలడు.

నాకు బాగా గుర్తుండేది మాత్రం పేర్లు చదివిన ఆ గడియే. పన్నెండో పేరు చదివితే ఎవరూ లేవలేదు. రెండోసారి చదివినారు. చూస్తే ఆ పిల్ల గేటు కాడ కొళాయి పక్కన, సంచి సర్దుకొని, బస్సుకు తయారుగా కూర్చోని ఉండాది. పొద్దున పుస్తకం చదివినప్పుడే ఎవరో చెప్పేసినారంట. పిల్లలు చెయ్యి పట్టి లాక్కొచ్చినారు. ఆ పిల్ల నా కాడికి రాలేదు, పెద్దసారు కాడికీ పోలేదు. సంచి భుజానే ఉండంగా నేరుగా మా ఆయన ముందరికొచ్చి నిలబడింది. నాలుగేండ్లలో మొదటిసారి అడిగింది.

"సార్, నా వెన్న ఎంత?"

ఆయన పుస్తకం తెరవలేదు.

"తెలీదు తల్లీ" అన్నాడు. "నువ్వు ఆడేటప్పుడు నేను లేను."